సాయినగర్ నుంచి రాయవేలూరు దాకా: మా అక్క కొడుకు కడుపునొప్పి

అనంతపురం చుట్టుపక్కల ఉంటూ, పిల్లలకు వచ్చిపోయే కడుపునొప్పికి కారణం తెలియక ఊళ్లు తిరుగుతున్న వాళ్లు చాలామందే ఉన్నారని నాకు ఆస్పత్రి బెంచీల మీద కూర్చున్నాకే తెలిసింది. వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. మేం అనంతపురం సాయినగర్, బెంగళూరు, బత్తలపల్లి, చివరికి వేలూరు (మా వైపు రాయవేలూరు అంటారు) చూశాం. ఎక్కడ డబ్బు దండగైంది, ఎక్కడ బాగా చూశారు, ఎక్కడ ఉండొచ్చు, అన్నీ చెప్తా. జబ్బు పట్టుబడింది మాత్రం వీటిల్లో ఎక్కడా కాదు, ధర్మవరంలో ఒక చిన్న స్కానింగ్ సెంటర్లో.

మా బావ కువైట్‌లో ఉంటాడు కాబట్టి ఆస్పత్రులకు తోడుపోయేది మేనమామనైన నేనే. చిన్నోడికి తొమ్మిదేళ్లు. ఉన్నట్టుండి బొడ్డు దగ్గర చెయ్యి పెట్టుకుని ముడుచుకుపోతాడు, మొహం పాలిపోతుంది, రెండు మూడు వాంతులు, కొన్ని గంటలు ఏడ్చి ఏడ్చి నిద్రపోతాడు, లేచాక "మామా, నా బ్యాట్ యాడుంది" అంటాడు. నెల రోజులు ఏమీ ఉండదు, మళ్లీ మొదలు. మా జేజి ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ రాసింది, దిష్టి తీసింది, పెనుకొండ బాబయ్య దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. మా ఖర్చులన్నిట్లో తక్కువైంది అదే, ఆమెను నేనేమీ అనను.

సాయినగర్ సంగతి అనంతపురం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఏ క్రాసులోకి తిరిగినా ఆస్పత్రి, పక్కనే ల్యాబు, కింద మందుల షాపు. పొద్దున చూపిస్తే మధ్యాహ్నానికి రిపోర్టులు చేతికొస్తాయి, ఈ సౌకర్యం పెద్ద ఊళ్లలో కూడా దొరకదు. ఇబ్బంది ఏంటంటే ఒక్కో డాక్టరు ముందున్న జనాన్ని చూస్తే మనకు దక్కేది మూడు నిమిషాలు, ఆ మూడు నిమిషాల్లో పిల్లోడు నవ్వుతూ కూర్చుని ఉంటాడు. నులిపురుగుల మందు రాశారు. ఫిబ్రవరి, ఆగస్టుల్లో నులిపురుగుల దినం అని బళ్లో ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఎలాగూ వేస్తారు, వాడు వేసుకున్నాడు కూడా, అయినా మళ్లీ రాశారు. తర్వాత గ్యాసు సిరప్పు. తర్వాత స్కానింగ్ చేసి "మెసెంటరిక్ నోడ్స్" ఉన్నాయన్నారు. అక్కడ ఉన్న ఒకామె దాన్ని "కడుపులో గడ్డలు" అని మా అక్కకు చెప్పింది, ఇంక ఇంట్లో రెండు రోజులు ఎవరికీ అన్నం దిగలేదు. ఇవి పేగుల చుట్టూ ఉండే మామూలు లింఫ్ గ్రంథులు, ఆరోగ్యంగా ఉన్న పిల్లల స్కానింగుల్లో కూడా చిన్నవి కనిపిస్తుంటాయి. టీబీ ఏమోనని చర్మం మీద చేసే పరీక్ష చేశారు, ఏమీ లేదు.

అప్పుడు బెంగళూరు. ఎన్‌హెచ్ 44 మీద బస్సులో నాలుగైదు గంటలు. మెజెస్టిక్ దగ్గర లాడ్జీలో దిగాం. గది శుభ్రంగానే ఉంది గానీ తెల్లవార్లూ బస్సుల హారన్లు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆస్పత్రికి నడిచి పోయేంత దూరంలో గది చూసుకోండి, గదికి మిగిలిన డబ్బు ఆటోకు పోతుంది. తెలుగు మాట్లాడితే చాలామందికి అర్థమవుతుంది, భాషకు ఇబ్బంది లేదు.

ఆస్పత్రి పేరు రాయను, పెద్ద కార్పొరేట్ ఆస్పత్రి. ఏసీ హాలు, ఆడుకోవడానికి జారుడుబండ, టోకెన్ నంబర్లు గోడ మీద టీవీలో వస్తుంటాయి. సేవ బాగుంది, కాదనను. కానీ మనం చెప్పేది రాసుకునే అమ్మాయి ఒకరు, చూసే డాక్టరు ఇంకొకరు, రిపోర్టులు వచ్చేసరికి డ్యూటీలో ఉండేది మరొకరు. రక్తపరీక్షలన్నీ మళ్లీ చేశారు, మా ఊరి రిపోర్టులు తిప్పి కూడా చూడలేదు. స్కానింగ్ మళ్లీ తీశారు, మత్తిచ్చి ఎండోస్కోపీ చేశారు. అంతా నార్మల్. చివరికి "స్కూల్లో ఏమైనా టెన్షన్ ఉందా, కౌన్సెలర్‌ను కలవండి" అన్నారు. మావాడికి బళ్లో టెన్షన్ ఏంటి, టీచర్లకే వాడితో టెన్షన్. ఆ స్కానింగ్ రిపోర్టులో ఎడమ కిడ్నీ గొట్టం మొదలు కాస్త వెడల్పుగా ఉందని ఒక లైను ఉంది, కింద మాత్రం "ముఖ్యమైన లోపమేమీ లేదు" అని ఉంది. ఆ లైను గురించి మాతో ఎవరూ మాట్లాడలేదు. అలాగని బెంగళూరు వద్దని చెప్పను. మలంలో రక్తం, బరువు తగ్గడం, ఎదుగుదల ఆగడం లాంటివి ఉంటే పేగుల జబ్బులు చూసే పిల్లల స్పెషలిస్టు కావాలి, ఎండోస్కోపీ అప్పుడు అవసరమే. మా వాడికి అవేవీ లేవు.

బత్తలపల్లికి మా పక్కింటి వదిన పట్టుబట్టి పంపింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) వాళ్ల ఆస్పత్రి అది. కదిరి పోయే బస్సు ఏది ఎక్కినా దిగొచ్చు. ఏసీ హాలు లేదు, పల్లెల నుంచి వచ్చిన జనంతో వరండా నిండి ఉంటుంది, తెల్లవారకముందే బయల్దేరితేనే మధ్యాహ్నానికి బయటపడతాం. ఫీజు నామమాత్రం. ఉగ్గాని బజ్జి బయట తినేసి లోపలికి పొండి, ఒకసారి లైన్లో కూర్చుంటే లేవడానికి కుదరదు.

అక్కడి పిల్లల డాక్టరమ్మ కాగితాలన్నీ పక్కన పెట్టి నొప్పి గురించే అడిగింది. రాత్రి నిద్రలోంచి లేపుతుందా? వాంతి ఆకుపచ్చగా ఉంటుందా? నొప్పి వచ్చినరోజు మూత్రం ఎలా పోస్తాడు? బొడ్డు దగ్గరే చూపిస్తాడా, పక్కకు చూపిస్తాడా? బళ్లో చదివే పిల్లల్లో ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఇలా మళ్లీమళ్లీ వచ్చే కడుపునొప్పి ఉంటుందని 1958లోనే ఇంగ్లండులో ఆప్లీ అనే డాక్టరు లెక్కతేల్చాడట. వాళ్లలో ఎక్కువమందికి ఏ లోపమూ కనపడదట, అయినా నొప్పి నిజమేనని, నటన అనుకుని పిల్లల్ని తిట్టొద్దని మరీ మరీ చెప్పింది. బొడ్డుకు ఎంత దూరంగా నొప్పి ఉంటే అంత అనుమానించాలన్నది డాక్టర్ల పాత లెక్క. మావాడు బొడ్డే చూపిస్తాడు కాబట్టి అందరూ తేలిగ్గా తీసుకుని ఉండొచ్చు, కానీ ప్రతిసారీ వాంతులు ఉండటం తనకు నచ్చట్లేదని అంది. ఆకుపచ్చ వాంతి అయితే మాత్రం పేగు మెలిపడి ఉండొచ్చు, ఒక్క గంట కూడా ఆగొద్దని గట్టిగా చెప్పింది. ఇంకో రెండు మాటలు చెప్పి పంపింది. పుస్తకం పెట్టి తిన్నదే కాదు, తాగింది కూడా రాయండి. నొప్పి ఉన్నప్పుడే స్కానింగ్ తీయించండి, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో, తగ్గేదాకా చూడొద్దు.

మాకు ఎవ్వరూ చెప్పని మాట ఈ రెండోది. మేం ఎంత పెద్ద ఆస్పత్రికి పోయినా నొప్పి తగ్గి, బస్సు ఎక్కి, అపాయింట్‌మెంట్ దొరికి, అంతా అయ్యేసరికి పిల్లోడు కడిగిన ముత్యంలా ఉండేవాడు. మరి మిషన్లకు ఏం దొరుకుతుంది?

వాడి లెక్కల నోటుబుక్కులో మిగిలిన పేజీల్లో మా అక్క రాయడం మొదలుపెట్టింది. "ఆదివారం. మ్యాచ్. రెండు నన్నారి, నీళ్ల బాటిల్ మొత్తం. సాయంత్రం నొప్పి." "పెండ్లి. కూల్‌డ్రింకు మూడు. రాత్రి నొప్పి, వాంతి." బడి ఉన్న రోజుల్లో నొప్పి లేదు, ఎందుకంటే బళ్లో వాడు నీళ్లే ముట్టడు, బాటిల్ నిండుగా తీసుకెళ్లి నిండుగా తెస్తాడు. స్కూల్ టెన్షన్ అన్న మాట ఆ పేజీతోనే కొట్టుకుపోయింది.

ధర్మవరానికి పట్టుచీరల కోసం పోయాం, మా చిన్నమ్మ కూతురి పెండ్లికి. ఎండలో వాడు చెరకు రసం మీద చెరకు రసం తాగాడు. చీరల షాపులో పరుపు మీదే ముడుచుకుపోయాడు. అక్క చీరలు అక్కడే వదిలేసి లేచింది, ఆటో ఎక్కి స్కానింగ్ సెంటర్ అన్నాం, ఆటోవాడు తీసుకుపోయిన చోటికి పోయాం. ఒకే గది, గోడకు పాత క్యాలెండరు. డాక్టరు పొట్ట మీద జెల్ రాసి ప్రోబ్ పెట్టి ఒక్క నిమిషం కదపకుండా ఉంచాడు, తర్వాత స్క్రీన్ మా వైపు తిప్పాడు. ఎడమ కిడ్నీ మధ్యలో నల్లగా ఇంత పెద్ద మడుగు. "ఇది నీళ్లు, కిందికి దిగట్లేదు" అన్నాడు. కుడివైపుది పెట్టి చూపించాడు, దాంట్లో ఆ నలుపు లేదు. మూత్రం కిడ్నీలోంచి కిందికి దిగే గొట్టం మొదట్లోనే నొక్కుకుపోతోంది, మామూలుగా కొద్దికొద్దిగా దిగిపోతుంది, ఒక్కసారిగా ఎక్కువ తాగితే ఆగిపోయి కిడ్నీ ఉబ్బుతుంది, ఆ సాగుడుకే నొప్పి, వాంతి. తోటల్లో నీళ్ల డ్రిప్పు పైపు మడతపడ్డం మన జిల్లాలో ఎవరికి తెలియదు, నాకు వెంటనే అర్థమైంది. పీయూజే అబ్‌స్ట్రక్షన్ అంటారు. కొన్ని గంటల తర్వాత మళ్లీ చూస్తే ఆ మడుగు సగానికి సగం తగ్గింది. రెండు ఫిల్ములూ ఒకే కవర్లో పెట్టి ఇచ్చాడు, మేం దాచుకున్న కాగితాల్లో అన్నిటికన్నా విలువైనవి అవే.

ఆపరేషన్ కోసం పిల్లల సర్జరీ విభాగం విడిగా ఉన్నచోటికి పొమ్మన్నారు. కర్నూలు పెద్దాసుపత్రిలో ఉంది. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ 1991 నుంచి పైసా తీసుకోకుండా చేస్తోంది, యూరాలజీ కూడా ఉంది. మా వీధిలో ఒకాయనకు కిడ్నీలో రాళ్లు అక్కడే తీశారు, బిల్లు కౌంటరే లేదని ఇప్పటికీ ఆశ్చర్యంగా చెప్తాడు. దగ్గర కావాలి, ఖర్చు ఉండకూడదు అంటే ముందు వీటిని అడగండి. మేం వేలూరు ఎంచుకున్నది మా బావ పట్టు వల్ల. రాయలసీమలో పెద్దవాళ్లకు "రాయవేలూరు పోయొచ్చినాం" అంటే ఇంక దాని మీద అప్పీలు ఉండదు కదా.

వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) 1900లో ఐడా స్కడ్డర్ మొదలుపెట్టిన ఆస్పత్రి. బెంగళూరు మీదుగా రైల్లో కాట్పాడి దిగొచ్చు, లేదంటే కదిరి, మదనపల్లె, చిత్తూరు మీదుగా రోడ్డున పోవచ్చు. మేం రైల్లోనే పోయాం, వాంతుల పిల్లోడితో ఆ ఘాట్లలో బస్సు వద్దనుకుని. కాట్పాడి స్టేషన్ బయట ఆటోవాళ్లు చెప్పే రేటు వినొద్దు, సీఎంసీకి టౌన్ బస్సులున్నాయి. కొన్ని విభాగాలు 2022లో రాణిపేట క్యాంపస్‌కు మారాయి కాబట్టి అపాయింట్‌మెంట్ కాగితంలో ఏ క్యాంపస్సో చూసుకోండి, మా పక్కగదిలో బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబం ఊళ్లో లైను కట్టి, అక్కడి వాళ్లు పొమ్మంటే రాణిపేటకు పరిగెత్తారు.

ఐడా స్కడ్డర్ రోడ్డు, దాని వెనక సందులు మొత్తం లాడ్జీలే. బోర్డులు బెంగాలీలో ఉంటాయి, హోటళ్లలో చేపల పులుసు వాసన, వేలూరో కలకత్తానో అర్థం కాదు. గ్యాసు స్టవ్వు, గిన్నెలు అద్దెకిచ్చే గదులు చాలా ఉన్నాయి, అవే తీసుకోండి. మాకు రోజుకు ఆరేడు వందల్లో దొరికింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఆపరేషన్ అయ్యాక పిల్లోణ్ణి ఎత్తుకుని ఎక్కింది నేనే, కాబట్టి కింది అంతస్తు అడగండి. బాత్రూమ్ సంగతి చూసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. అక్క సంగటి చేసి, ఇంటినుంచి తెచ్చిన చెనిక్కాయల పొడితో పెడితే వాడు రెండు ముద్దలు తిన్నాడు.

ఆస్పత్రిలో జనం విపరీతం, మొదటిరోజు తల తిరిగిపోతుంది. కానీ ఒకసారి లైన్లో పడ్డాక అన్నీ వరసగా జరుగుతాయి, ఎవరికీ చేయి తడపక్కర్లేదు. తమిళం రాకపోయినా చిత్తూరు వైపు సిస్టర్లు ఎవరో ఒకరు తెలుగు మాట్లాడతారు. జనరల్, ప్రైవేట్ అని రెండు రకాల రిజిస్ట్రేషన్లు ఉంటాయి, ప్రైవేట్‌లో సీనియర్ డాక్టరు చూస్తారు, ఖర్చు ఎక్కువ.

అక్కడ చేసిన ముఖ్యమైన పరీక్ష రీనోగ్రామ్, అంటే ఒక్కో కిడ్నీ ఎంత పనిచేస్తోంది, మూత్రం కిందికి ఎలా దిగుతోంది అని చూసేది. చేతికి కొంచెం రేడియోధార్మిక మందు ఎక్కించి, కెమెరా కింద అరగంటపైన కదలకుండా పడుకోబెట్టి, మధ్యలో మూత్రం ఎక్కువయ్యే లాసిక్స్ ఇస్తారు. రెండు కిడ్నీలకు రెండు గీతలు. కుడిది కొండ ఎక్కి దిగింది, ఎడమది ఎక్కి అక్కడే నిలబడింది. రెండు కిడ్నీలూ కలిసి చేసే పనిలో ఎడమదాని వాటా 43 శాతం అన్నారు, సగానికి దగ్గరే, అంటే ఇంకా పాడవ్వలేదు. పైలోప్లాస్టీ చేశారు: ఇరుకు ముక్క కోసేసి గొట్టాన్ని మళ్లీ కుట్టడం. కిడ్నీ కింది భాగానికి పోయే ఒక రక్తనాళం గొట్టానికి అడ్డంగా పడి నొక్కుతోందట, పెద్దపిల్లల్లో ఇలా నొప్పి వచ్చిపోవడానికి అదే ఎక్కువగా కారణమట. లోపల డీజే స్టెంట్ అని సన్నటి గొట్టం పెట్టి, కొన్ని వారాల తర్వాత తీశారు. ఆ మధ్యలో మూత్రంలో కాస్త ఎరుపు కనిపిస్తుంది, ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు.

స్టెంట్ తీయడానికి వెళ్లినప్పుడు వేలూరు కోట చూపించాం. కందకం నిండా నీళ్లు, వాడు దిగనియ్యమని గొడవ. శ్రీపురం బంగారు గుడికి కూడా పోవచ్చు గానీ ఆ నడక ఆపరేషన్ అయిన పిల్లలతో కష్టం, మేం పోలేదు.

ఖర్చు విషయం. ఆరోగ్యశ్రీ కార్డు (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉంటే మన జిల్లా ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను ముందే కలవండి, ఏ ఆపరేషన్ ఏ ఆస్పత్రిలో వర్తిస్తుందో ఆయనే చూసి చెప్తాడు. పక్క రాష్ట్రం పోయాక కార్డు చూపిస్తే పని జరుగుతుందని అనుకోవద్దు. మాది బావ పంపిన డబ్బే. పాత స్కానింగ్ ఫిల్ములు ఒక్కటి కూడా పారేయకండి, బెంగళూరు రిపోర్టులో ఆ ఒక్క లైను వేలూరు సర్జన్ పెన్నుతో గీత గీసి చూపించాడు. ఇప్పుడు అనంతపురంలోనే స్కానింగ్ తీయించి రిపోర్టు పంపమన్నారు, సాయినగర్లోనే తీయిస్తున్నాం.