నాటకాల మీద రాసుకునే నాకు ఈ చిన్న రికార్డర్ ఎంతవరకు పనికొచ్చిందంటే

కొన్నది నాలుగేళ్ళ కిందట, 4,800 రూపాయలకి. అరచేతిలో ఇమిడిపోయే నల్లటి సౌండ్ రికార్డర్. 4 జీబీ లోపలే ఉంటుంది, పక్కన మెమరీ కార్డు పెట్టుకునే సందు, వెనక టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లు రెండు, మీట జరిపితే బయటికొచ్చే యూఎస్‌బీ. కంపెనీ పేరు ఎందుకు రాయటం లేదంటే, ఈ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఇట్టాగే ఉంటాయి, పైగా నాకు మొదట వచ్చిన పీసుకి స్టాప్ బటన్ లోపలికి పోయి మళ్ళీ పైకి రాలేదు. దాన్ని వెనక్కి పంపి ఇంకోటి తెప్పించుకోవడానికి పదకొండు రోజులు ఫోన్ల మీద ఫోన్లు చేశాను, ఆ కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది కాబట్టి పేరెత్తితే న్యాయంగా రాయలేను.

నేను చేసేది ఫ్రీలాన్స్ పని. ఉండేది నెల్లూరు. ఇక్కడి నుంచి ఒంగోలు, పొదిలి, దర్శి దాకా ఎక్కడ నాటక పరిషత్తు పోటీలు పెట్టినా, తిరునాళ్ళలో పద్యనాటకం వేసినా వెళ్ళి చూసి, నటుల్ని కూర్చోబెట్టి మాట్లాడించి రాస్తాను. జీతం లేదు. వ్యాసానికి ఇంత అని ఇస్తారు, అదీ అచ్చయిన రెండు మూడు నెలలకి. ఎనిమిది వందలు వచ్చిన వ్యాసాలున్నాయి, ఒట్టి శాలువా వచ్చినవీ ఉన్నాయి (ఇంట్లో పదిహేడు శాలువాలున్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి). ఇట్టాంటి సంపాదన పెట్టుకుని, ఫోన్‌లో రికార్డింగ్ ఉండగా మళ్ళీ ఐదు వేలు పోసి ఈ డబ్బీ ఏందని మా ఆవిడ అడిగింది. సరైన ప్రశ్నే.

జవాబు పొదిలి దగ్గర ఒక పల్లెలో ఉంది. నలభై ఏళ్ళు హరిశ్చంద్రుడి వేషం కట్టిన పెద్దాయన ఒకాయన ఉన్నాడక్కడ. కాటిసీనులో పద్యం ఎత్తుకునే ముందు ఊపిరి ఎక్కడ పట్టాలో, రాగం తీస్తూ జనానికి తెలియకుండా ఎక్కడ పీల్చాలో, వాళ్ళ గురువు తెల్లారుజామున చెరువులో పీకల్లోతు నీళ్ళలో నిలబెట్టి ఎట్టా సాధకం చేయించాడో నలభై నిమిషాల సేపు చెప్పాడు. ఫోన్ మంచం మీద పెట్టి నోరు తెరుచుకుని వింటున్నా. మధ్యలో లోన్ కావాలా సార్ అని ఎవరో ఫోన్ చేశారు, కట్ చేశాను, దాంతో రికార్డింగ్ కూడా ఆగిపోయింది, నేను చూసుకోలేదు. ఇంటికొచ్చి వింటే ఆరు నిమిషాలే ఉంది. నెల తర్వాత సిగ్గుపడుతూ మళ్ళీ వెళ్ళాను. పాపం విసుక్కోకుండా మొత్తం మళ్ళీ చెప్పాడు గానీ, ఈసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, పేపర్లో పడేట్టు చెప్పాడు. మొదటిసారి దొర్లిన బూతులు, గురువు మీద ఉన్న కోపం, పారితోషికం ఎగ్గొట్టిన కాంట్రాక్టరు సంగతి, ఒక్కటీ రాలేదు. ఆ రాత్రే ఆర్డర్ పెట్టాను.

ఇక వస్తువు సంగతి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే చోట దీనికి వంక పెట్టలేం. గ్రీన్‌రూమ్‌లో అద్దం ముందు పెడితే, పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని విగ్గు సర్దుకుంటూ మాట్లాడే మాట కూడా స్పష్టంగా వస్తుంది. ఫ్యాన్ రొద తగ్గించే సెట్టింగ్ ఒకటుంది, మన హాళ్ళకి అది తప్పనిసరి.

హాల్లో నాటకం రికార్డు చేయాలంటే మాత్రం కొంత చెయ్యి కాల్చుకోవాల్సిందే. మొదటిసారి నెల్లూరు పురమందిరంలో ముందు వరుసలో కూర్చుని, తెలివితక్కువగా స్పీకర్ బాక్సుకి రెండడుగుల దూరంలో పెట్టాను. ఇంటికెళ్ళి వింటే దుర్యోధనుడి గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. సరే అని దూరం జరిగితే ఇంకో తంటా. మైకు పట్టుని అదే సర్దుకునే ఆటోమేటిక్ సెట్టింగ్‌లో పెడితే, జనం ఈల వేసినప్పుడు ఇది బెదిరిపోయి శబ్దం తగ్గించేసుకుంటుంది, మళ్ళీ సర్దుకునేలోపు తర్వాతి మాట సగం మునిగిపోతుంది. రాయబారం సీనులో పద్యం పద్యానికీ ఈలే, పద్యం పద్యానికీ ఒన్స్ మోరే, ఇక చూసుకోండి. అందుకని మైకు పట్టు మనమే తగ్గించి పెట్టుకోవాలి, ఐదారు వరుసలు వెనక్కి పోవాలి, హార్మోనియం ఏ వైపుంటే దానికి రెండో వైపు కూర్చోవాలి. హార్మోనియం పక్కన పెట్టామా, కృష్ణుడు పక్కూళ్ళో పాడుతున్నట్టుంటుంది.

శబ్దాన్ని కుదించి దాచే ఎంపీ3లో, 128 కేబీపీఎస్ పెడితే గంటకి 60 ఎంబీ కూడా పట్టదు. కుదించకుండా దాచే వేవ్‌లో అయితే 600 దాటుతుంది, రాత్రి పదికి మొదలై తెల్లారేదాకా సాగే నాటకానికి లోపలి 4 జీబీ చాలదు, కార్డు వేసుకోండి. నేను మాటలకి ఎంపీ3, పద్యాలకి వేవ్ పెడతాను. ఛార్జింగ్ కాకుండా సెల్లతో నడవడం పాతకాలపు పద్ధతి అనుకునేవాణ్ణి. తిరునాళ్ళలో అర్ధరాత్రి ఒంటిగంటకి బంకులో రెండు సెల్లు కొని వేసుకున్నాక ఆ మాట మళ్ళీ అనలేదు.

ఎత్తిరాసుకోవడం ఈ వృత్తిలో అన్నిటికంటే విసుగు పని, దానికి నెమ్మదిగా వినిపించే సౌకర్యం బాగా పనికొస్తుంది. అయినా గంట మాటలకి నాకు నాలుగు గంటలు పడుతుంది. ఫోన్‌లో మాటని అక్షరాలుగా మార్చేవి కూడా వాడి చూశాను, వార్తలు చదివే తెలుగైతే బాగానే రాస్తాయి, అదే "రిహార్సలుకి వచ్చుండా అబ్బయ్యా" అంటే వాటికి దిక్కు తోచదు. నాకు కావాల్సింది ఆ వచ్చుండానే. వేదం వెంకటరాయశాస్త్రి గారు 1897 నాటి ప్రతాపరుద్రీయం నాటకంలోనే చాకలి పేరిగాడి చేత పేరిగాడి మాటే మాట్లాడించారు, ఆయన నాటక సమాజం నడిపింది మా నెల్లూరులోనే. ఇక్కడ ఉంటూ నటుడి మాటని పేపర్ తెలుగులోకి దిద్ది రాయాలంటే నాకు చెయ్యి రాదు.

ఇంకో లాభం ఉంది. ఒంగోలులో ఒక నటుడు వ్యాసం చూసి నేనట్టా అనలేదని గొడవకి దిగారు. అక్కడే వినిపించాను. కాసేపు ఊరుకుని, "అన్నాలే గానీ, నువ్వు రాస్తావనుకోలా" అన్నారు. అట్టాగని చెప్పకుండా జేబులో ఆన్ చేసుకుని తిరగొద్దు. ముఖ్యంగా పరిషత్తుల్లో నిర్వాహకుల్ని, టీమునీ అడక్కుండా నాటకం రికార్డు చేయకండి. యూట్యూబ్‌లో పెట్టేస్తారని వాళ్ళ భయం, పది ఊళ్ళలో పోటీకి వెయ్యాల్సిన నాటిక అది.

యూఎస్‌బీ నేరుగా ఉండటం వల్ల వైరు వెతుక్కునే పని లేదు. పోయినేడు పొదిలి వెళ్ళినప్పుడు, పెద్దాయన మనవడి ఆటోలో ఉన్న పాటల పెట్టెకే గుచ్చి ఆయన పద్యం ఆయనకి వినిపించాం. సగం విని, "ఇక్కడ శ్రుతి జారింది, తీసెయ్ అబ్బయ్యా" అన్నాడు. తీసెయ్యలేదు.

సంచీ ఇవ్వరు, కళ్ళజోడు పెట్టెలో సరిగ్గా పడుతుంది. తెర మీద అక్షరాలు మరీ సన్నవి, చీకటి హాల్లో ఎర్ర లైటు ఒక్కటే దిక్కు, అది వెలుగుతోందో లేదో పది నిమిషాలకోసారి చూసుకోండి. నెలకి రెండు ఇంటర్వ్యూలు చేసేవాళ్ళకి ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకుంటే సరిపోతుంది, ఇది అక్కర్లేదు. నాలాగా తిరిగేవాళ్ళయితే కొనండి. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి స్టాప్ బటన్ ఖాతాలో పోయింది.