మూడు చలికాలాలు పెనాంగ్‌లో: అరవై దాటాక మాకు కుదిరిన విదేశీ ప్రయాణం

నాకు 67 ఏళ్లు, మావారికి 72. ఉండేది విశాఖపట్నంలో. ఆయనకు పద్నాలుగేళ్లుగా షుగర్ ఉంది, నాకు ఎడమ మోకాలు అరిగింది. పిల్లలు తీసుకెళ్తే వెళ్లే ప్రయాణాలు కాకుండా మేమిద్దరమే, మా పింఛను డబ్బులతో విదేశం వెళ్లి సుఖంగా ఉండి రావచ్చా అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మలేసియాలోని పెనాంగ్ దీవికి మేం మూడుసార్లు వెళ్లాం. 2019లో 12 రాత్రులు, 2023 డిసెంబరులో 20 రాత్రులు, 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో 24 రాత్రులు ఉన్నాం. ఒక్కసారి చూసి వచ్చిన ముచ్చట కాదు కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

ముందు 2017 సంగతి చెప్పాలి. అప్పుడు ఒక టూర్ కంపెనీతో తొమ్మిది రోజుల్లో మూడు దేశాలు తిరిగాం. ఎనిమిది రాత్రుల్లో ఐదు హోటళ్లు మారాం. పొద్దున్న ఆరింటికల్లా సామాను గది బయట పెట్టాలి, ఏడింటికి బస్సు కదలాలి. ఒకరోజు మధ్యాహ్న భోజనం మూడు దాటినా రాలేదు. మావారికి షుగర్ పడిపోయి, బస్సులోనే చెమటలు పట్టి చేతులు వణికాయి. నా సంచిలో ఉన్న బెల్లం ముక్క, రెండు బిస్కెట్లు ఆయన్ని నిలబెట్టాయి. గైడ్‌ను బస్సు ఆపమంటే, ఇంకో అరగంటలో భోజనమేగా అన్నాడు. మా వయసు వాళ్లకి ఆ అరగంట ఎంత ముఖ్యమో అతనికి తెలియదు. ఇంటికొచ్చాక ఇద్దరం ఒకటే అనుకున్నాం. మళ్లీ వెళ్తే ఒకే ఊరు, ఒకే గది, మన గడియారం. ఎక్కడ ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో మనమే చెప్పుకోవాలి.

పెనాంగ్‌ను ఎంచుకోవడానికి మొదటి కారణం తిండి. నేను శాకాహారిని. పెనాంగ్ ముఖ్య పట్టణం జార్జ్‌టౌన్‌లో లిటిల్ ఇండియా అనే పేట ఉంది. క్వీన్ స్ట్రీట్, మార్కెట్ స్ట్రీట్ చుట్టుపక్కల ఉంటుంది. దోసెను అక్కడ తోసై అంటారు. ఇడ్లీ, అరిటాకు భోజనం, రసం, మజ్జిగ అన్నీ దొరుకుతాయి. తమిళం నాలుగు ముక్కలు వస్తే చాలు, రాకపోయినా ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది. 1833 నాటి శ్రీ మహామారియమ్మన్ గుడి అక్కడే ఉంది. పొద్దున్నే గుడికి వెళ్లి, తర్వాత టిఫిను తిని, పదింటికల్లా గదికి వచ్చేసేవాళ్లం. ఎండ ముదిరే లోపల బయటి పని అయిపోవాలి, అదే మా నియమం.

అక్కడి మలయ్ భాషలో నాలుగు మాటలు నేర్చుకోవడం ఆరోగ్యానికి మంచిది. అక్కడి తెహ్ తారిక్ అనే పాల టీ చాలా రుచిగా ఉంటుంది కానీ, డబ్బాపాలు పోసి తీపి బాగా దట్టిస్తారు. ‘కురాంగ్ మానిస్’ అంటే తీపి తగ్గించమని. ‘కోసోంగ్’ అంటే చక్కెర అసలు వద్దని. మావారు ‘తెహ్ ఓ కోసోంగ్’ అని అడిగి పాలూ పంచదారా లేని టీ తాగేవారు. శాకాహారులు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. కూరగాయల వంటకంలా కనిపించినా అందులో బెలచాన్ అనే రొయ్యల ముద్ద వేస్తారు. మొదటిసారి మాకు తెలియక తిన్నాం. ఇప్పుడు అక్కడ స్థిరపడిన చైనా వాళ్ల శాకాహార హోటళ్లకు గానీ, తమిళుల హోటళ్లకు గానీ తప్ప వేరే చోటికి వెళ్లను. చైనా శాకాహార హోటళ్లలో సోయాతో చేసే కూరలు ఎన్నో రకాలు ఉంటాయి. అక్కడి డబ్బు రింగిట్లలో రెండింటికో మూడింటికో ఒక కూర పెడతారు.

ప్రయాణం గురించి. 2019లో ఈవీసా తీసుకున్నాం. 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్లకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేకుండా పోయింది. రెండోసారి మేం వెళ్లింది సరిగ్గా ఆ నెలలోనే. ఆ వెసులుబాటుకు గడువు ఉంది, మధ్యలో పొడిగించారు కూడా. కాబట్టి టికెట్ కొనేముందు ఒకసారి చూసుకోండి. దిగే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దానికి డబ్బులు కట్టనక్కర్లేదు. డబ్బులు అడిగే వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి, వాటి జోలికి పోకండి.

2025లో వైజాగ్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా వెళ్లాం. అంతకుముందు రెండుసార్లూ చెన్నై వెళ్లి ఎక్కాం. ఆ తేడా చెప్పలేనంత. అర్ధరాత్రి చెన్నై ఎయిర్‌పోర్టులో మూడు గంటలు కూర్చోవడం తప్పితేనే సగం అలసట తగ్గింది. కౌలాలంపూర్‌లో దిగాక నడక చాలా ఉంటుంది. మొహమాటపడకుండా టికెట్‌తో పాటే వీల్‌చెయిర్ సాయం అడిగిపెట్టుకోండి. నేను మొదటిసారి అడగలేదు, ఆ నడకకే రెండు రోజులు మోకాలు వాచింది. దిగిన రాత్రి కౌలాలంపూర్‌లోనే పడుకుని, మర్నాడు ఉదయం ఈటీఎస్ అనే ఎలక్ట్రిక్ రైలు ఎక్కుతాం. అక్కడి ప్రధాన స్టేషన్ కేఎల్ సెంట్రల్ నుంచి దీవికి ఎదురొడ్డున ఉన్న బటర్‌వర్త్‌కు నాలుగు గంటలు దాటుతుంది. ఏసీ రైలు, సీట్లు సౌకర్యంగా ఉంటాయి, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది. దిగాక అక్కడే ఫెర్రీ. పది పదిహేను నిమిషాల్లో అవతలి ఒడ్డు. సముద్రం మీద గాలి తగులుతూ జార్జ్‌టౌన్ దగ్గరవుతుంటే నాకు మా భీమిలి ఒడ్డు గుర్తొస్తుంది. పెనాంగ్‌కు విమానం కూడా ఉంది. మేం మాత్రం రైలే ఎంచుకుంటాం.

బస విషయంలో మేం చేసిన పొరపాటు మీరు చేయకూడదు. 2023లో ఒక కాండోలో, అంటే అపార్ట్‌మెంట్ భవనంలో, ఇల్లు బుక్ చేసుకున్నాం. రాత్రి ఎనిమిదింటికి సామానుతో దిగితే, గేటు దగ్గర కాపలా అతను లోపలికి వెళ్లనివ్వలేదు. ఆ భవనంలో రోజుల లెక్కన అద్దెకివ్వడానికి సంఘం ఒప్పుకోదట. ఇల్లు ఇచ్చిన మనిషి ఫోన్ ఎత్తలేదు. గంటసేపు రోడ్డు మీద నిలబడ్డాం. మావారి ఇన్సులిన్ చల్లటి సంచిలో ఉండబట్టి సరిపోయింది. చివరికి దగ్గర్లో హోటల్లో రెట్టింపు ధరకు ఆ రాత్రి గడిపాం. డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటినుంచి హోటల్ లైసెన్సు ఉన్న సర్వీస్డ్ అపార్ట్‌మెంట్‌లోనే దిగుతున్నాం. చిన్న వంటగది, ఫ్రిజ్, బట్టలుతికే మెషిన్, లిఫ్టు ఉన్నాయా అని ఈమెయిల్ రాసి అడిగి, జవాబు దాచుకుంటాను. పాతకాలపు ఇళ్లను హోటళ్లుగా మార్చినవి జార్జ్‌టౌన్‌లో చాలా అందంగా ఉంటాయి. కానీ వాటిలో చాలావాటికి లిఫ్టు ఉండదు, నిట్టనిలువు చెక్క మెట్లు ఉంటాయి. ఫొటోలు చూసి మోసపోవద్దు.

పెనాంగ్‌లో పెద్దవాళ్లకు అసలైన ఇబ్బంది కాలిబాట. జార్జ్‌టౌన్‌ను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాత దుకాణాల ముందు కప్పు వేసిన వరండాలు ఉంటాయి, వాటినే ఫైవ్ ఫుట్ వే అంటారు. నీడ ఉంటుంది నిజమే, కానీ ఒక్కో దుకాణం ముందు ఒక్కో ఎత్తు. రెండడుగులు వేస్తే ఒక మెట్టు ఎక్కాలి, ఇంకో రెండడుగులకు దిగాలి. మధ్యలో మోటార్‌సైకిళ్లు, బల్లలు అడ్డం. కిందికి దిగి రోడ్డు మీద నడుద్దామంటే పక్కనే తెరిచిన కాలువ. 2019లో మావారు కాలు మడత పడి మూడు రోజులు గదిలోనే ఉన్నారు. ఇప్పుడు పట్టున్న బూట్లు, మడిచే చేతికర్ర లేకుండా బయటికి రాం. చీకటి పడ్డాక పాత వీధుల్లో నడవం. ఫోన్ యాప్‌లో గ్రాబ్ అనే అద్దె కారు పిలుస్తాం. అక్కడ గ్రాబ్ చవక, బేరం ఉండదు, ఎక్కడికి వెళ్లాలో డ్రైవరుకు చెప్పే పనీ లేదు.

బస్సులు కూడా వాడాం. జార్జ్‌టౌన్ లోపల తిరిగే క్యాట్ బస్సుకు టికెట్ లేదు. 204 నంబరు ఎయిర్ ఇటామ్ వైపు, పెనాంగ్ హిల్ కిందికి వెళ్తుంది. 101 నంబరు బటు ఫెరింఘి బీచ్‌కు వెళ్తుంది. డ్రైవరు చిల్లర తిరిగివ్వడు, ఒక రింగిట్ నోట్లు దగ్గర పెట్టుకోవాలి. సాయంత్రం ఐదు తర్వాత మాత్రం జనం, ఎక్కకండి.

పెనాంగ్ హిల్ మీదికి 1923లో మొదలైన పట్టాల బండి ఉంది. కొండ నిటారుగా ఎక్కుతుంది. పొద్దున్న ఆరున్నరకు మొదటి బండి. మేం ఆ బండికే వెళ్తాం. పదింటి తర్వాత వెళ్తే వరుసలో గంట నిలబడాలి. పైన ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుంది, బల్లలు ఉన్నాయి, కిందికి చూస్తే ఊరు, సముద్రం, దీవిని ఒడ్డుతో కలిపే వంతెన కనిపిస్తాయి. కెక్ లోక్ సీ బౌద్ధాలయానికి కింది నుంచి మెట్లెక్కి వెళ్లొద్దు. కారును పై పార్కింగ్ దాకా తీసుకెళ్లమని చెప్పండి. అక్కడి నుంచి వాలుగా వెళ్లే లిఫ్టు ఎక్కితే 30 మీటర్ల ఎత్తున్న కువాన్ యిన్ అనే కరుణాదేవత కంచు విగ్రహం దగ్గరికి చేరతాం. చైనా కొత్త సంవత్సరం రోజుల్లో ఆ ఆలయమంతా రాత్రిళ్లు దీపాలు వెలిగిస్తారు. 2025 జనవరిలో చూశాం. ఆ వెలుగులో మావారు గంటసేపు మాట్లాడకుండా కూర్చున్నారు.

అయితే ఆ పండుగ నాలుగు రోజులూ గది ధర దాదాపు రెట్టింపయింది, చాలా భోజన హోటళ్లు మూసేశారు. ఇడ్లీ పిండి, కూరగాయలు ముందే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాం కాబట్టి ఇబ్బంది పడలేదు. ఆ తర్వాత ఫిబ్రవరి 11న తైపూసం, అంటే మురుగన్ (సుబ్రహ్మణ్యస్వామి) పండుగ. వెండి రథం, బంగారు రథం వీధుల్లోకి వస్తాయి. రథం వచ్చే దారిలో గుట్టలుగా పోసి కొబ్బరికాయలు కొడతారు. చైనా వాళ్లు కూడా వచ్చి కొట్టడం నేను అక్కడే చూశాను. మురుగన్ గుడికి 513 మెట్లు. మేం ఎక్కలేదు, కిందే దండం పెట్టుకున్నాం.

వాతావరణానికి వస్తే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వానలు తక్కువ. ఎండ మాత్రం 32 డిగ్రీల దాకా ఉంటుంది, ఉక్క మన వైజాగ్‌ను తలపిస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు వద్దు, అవి వానాకాలం.

మందుల గురించి గట్టిగా చెప్పాలి. వెళ్లే రోజులకు సరిపడా కాకుండా ఇంకో పది రోజులకు మాత్రలు తీసుకెళ్లండి. సగం చేతి సంచిలో, సగం పెట్టెలో. డాక్టరు చీటీ మీద మందు అసలు పేరు (జెనరిక్ పేరు) రాయించుకోండి, కంపెనీ పేరు చూపిస్తే అక్కడి మందుల షాపులో అర్థం కాదు. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు షుగర్, బీపీ దాచకండి. దాస్తే అవసరం పడినప్పుడు చెల్లదు. చాలా పాలసీలు పాత జబ్బులకు ప్రాణాపాయ పరిస్థితుల్లో మాత్రమే చెల్లిస్తాయి, ఆ ముక్క చదివి సంతకం పెట్టండి. ఇంకొకటి, అక్కడి ప్లగ్గులకు దీర్ఘచతురస్రాకారపు మూడు కాళ్లు ఉంటాయి. మన చార్జరుకు అడాప్టర్ కావాలి.

2025లో 24 రాత్రులకు ఇద్దరికీ అయిన ఖర్చు చెప్తాను. రింగిట్ అప్పుడు దాదాపు 19 రూపాయలు. విమానానికి 54 వేలు. గదికి, రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్నుతో కలిపి 68 వేలు చిల్లర. తిండికి 27 వేలు. సగం రోజులు రాత్రిపూట గదిలో వండుకున్నాం కాబట్టి అంతలో సరిపోయింది. రైలు, కార్లు, టికెట్లు కలిపి 14 వేలు. ఇన్సూరెన్సు 7 వేలు. మొత్తం లక్షా 71 వేల దాకా. 2017లో తొమ్మిది రోజుల పరుగుకు ఇద్దరికీ లక్షా 40 వేలు కట్టాం. రోజు లెక్క చూసుకుంటే ఇది సగం కన్నా తక్కువ. పైగా ఈ 24 రోజుల్లో ఏడు రోజులు ఎక్కడికీ వెళ్లలేదు. పొద్దున్న నడక, టిఫిను, పుస్తకం, మధ్యాహ్నం నిద్ర. డబ్బు పెట్టి వెళ్లి గదిలో కూర్చోవడమేంటని మా అబ్బాయి అడిగాడు. ఆ ఏడు రోజుల విశ్రాంతి వల్లే మిగతా పదిహేడు రోజులూ హాయిగా తిరగగలిగాం.

త్వరగా విసుగు వచ్చేవాళ్లకు, రోజూ కొత్త చోటు చూడాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. బీచ్ కోసమే వెళ్లేవాళ్లకు కూడా నేను చెప్పను. బటు ఫెరింఘిలో నీళ్లు అంత తేటగా ఉండవు, మన రుషికొండే నయం.

ఒక్క సంగతి రాసి ఆపుతాను. మూడోసారి వెళ్లినప్పుడు మారియమ్మన్ గుడి అరుగు మీద ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. నేను మావారితో మాట్లాడేది విని, ‘మీది ఏ ఊరండీ’ అని తెలుగులో అడిగింది. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పెరాక్‌లో కొబ్బరి తోటల పనికి వచ్చారట. ఆవిడ పుట్టింది పెరిగింది మలేసియాలోనే. ‘ఎల్లొస్తాను’, ‘ఏటి సేత్తారు’ అంటూ మా ఉత్తరాంధ్ర పల్లెల మాటే మాట్లాడింది. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ నోట విన్నాక ఆ మాట అంత అచ్చంగా మళ్లీ వినలేదు. ఆ తర్వాత పది రోజులూ పొద్దున్నే ఆవిడ కోసమే గుడికి వెళ్లాను. తిరిగి వచ్చే ముందురోజు ఏం పంపమంటారని అడిగితే, తిథులు వారాలు పెద్దక్షరాల్లో ఉండే తెలుగు క్యాలెండరు కావాలంది. వచ్చే జనవరికి టికెట్లు తీసుకున్నాం. క్యాలెండరు కొని, మడత పడకుండా గొట్టంలో చుట్టి పెట్టాను.