మానవ వికాసం, కుటుంబ అధ్యయనం: ఈ చదువులో చేరాలనుకునేవారికి

పిల్లల ఎదుగుదలను, కుటుంబ సంబంధాలను శాస్త్రంగా చదవాలనుకునేవారికి తెలుగు రాష్ట్రాల్లో ఉన్న మంచి మార్గాల్లో ఒకటి వ్యవసాయ విశ్వవిద్యాలయాల కమ్యూనిటీ సైన్స్ డిగ్రీ. ఒకప్పుడు హోమ్ సైన్స్ అని పిలిచిన ఈ నాలుగేళ్ల కోర్సు హైదరాబాదులోని సైఫాబాద్‌లోనూ, గుంటూరులోనూ ఉంది. ఆహారం, వస్త్రాలు, గృహ వనరులు, విస్తరణ (చదివిన విషయాలను ప్రజల దగ్గరకు చేర్చడం) వంటి విభాగాలతో పాటు మానవ వికాసం కూడా ఇందులో భాగమే. ఆసక్తి ఉన్నవారు దానిలోనే పీజీ చేయవచ్చు. ఈ విభాగంలో చదివిన వ్యక్తిగా నా అభిప్రాయం రాస్తున్నాను.

ఈ చదువులో అన్నిటికన్నా విలువైనది పరిశీలన. ప్రయోగశాలగా నడిపే నర్సరీ బడిలో ఒక మూల కూర్చుని, ఒకే పిల్లవాణ్ణి గమనిస్తూ, చూసింది చూసినట్టు రాయాలి. 'వాడికి కోపం వచ్చింది' అని రాస్తే అధ్యాపకులు ఒప్పుకోరు. బొమ్మను విసిరాడా, తలుపు వైపు చూశాడా, పక్క పిల్ల చేతిలోది లాక్కున్నాడా అన్నది రాయమంటారు. పిల్లల వికాసాన్ని వివరించిన పియాజే, ఎరిక్సన్, వైగాట్‌స్కీల సిద్ధాంతాలు పరీక్ష కోసం ఎవరైనా చదవగలరు, కానీ తొందరపడి తీర్పు చెప్పకుండా పిల్లలను చూడగలగడం ఈ సాధనతోనే అబ్బుతుంది. బరోడాలో ప్రమీలా ఫాటక్ మన శిశువుల కోసం రూపొందించిన వికాస మాపని (ఎదుగుదలను కొలిచే సాధనం)లో శరీర కదలికలకు 67, మానసిక వికాసానికి 163 అంశాలున్నాయి. అటువంటి సాధనం చేతికి వచ్చేనాటికి చూపు సిద్ధమై ఉండాలి.

కుటుంబ అధ్యయనం మాత్రం ఇంకా బలపడాలి. పాఠ్యగ్రంథాల్లోని ఉదాహరణలు ఎక్కువగా అమెరికా కుటుంబాలవి. తండ్రి గల్ఫ్‌లో ఉండగా నిజామాబాద్ పల్లెలో పెరిగే బిడ్డ, వలస వెళ్లిన పాలమూరు కూలీలు నాయనమ్మ దగ్గర వదిలిన బిడ్డ ఆ పుటల్లో కనిపించరు. పిల్లవాడి చుట్టూ ఇల్లు, బడి, తల్లిదండ్రుల ఉపాధి, సమాజం పొరలుగా పనిచేస్తాయని 1979లో అమెరికా మనస్తత్వవేత్త బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ చెప్పిన దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణలు ఎక్కడ దొరుకుతాయి? చివరి సంవత్సరపు గ్రామీణ అనుభవ కార్యక్రమం ఈ లోటును కొంత తీరుస్తుంది కాబట్టి, దాన్ని హాజరు కోసం కాక మనసు పెట్టి చేయాలని నా విన్నపం.

ఉపాధి విషయంలో ముందే స్పష్టత ఉండాలి. స్త్రీ, శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్ వంటి పోస్టులకు, ప్రీస్కూళ్లకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రాలకు, స్వచ్ఛంద సంస్థలకు ఈ చదువు ఉపయోగపడుతుంది. అయితే ఈ పట్టాతో క్లినికల్ సైకాలజిస్టు కాలేరు; దానికి భారత పునరావాస మండలి గుర్తించిన వేరే చదువు, నమోదు అవసరం. ఆ వృత్తే లక్ష్యమైనవారు మొదటినుంచీ సైకాలజీలో చేరడం మేలు.