ఫర్మ్స్ మంటల మ్యాప్: ఎక్కడ కాలిందో చెబుతుంది, ఏం కాలిందో మనమే చూసుకోవాలి

జాంబియాలోని లుసాకాకి వచ్చి నాలుగేళ్లయింది. ఇక్కడ ఆగస్టు వచ్చిందంటే చాలు, ఆరేసిన బట్టల మీద నల్లటి గడ్డిమసి వాలుతుంది. సన్నగా, దారప్పోగులా ఉంటుంది, వేలు తగిలితే పొడైపోయి గుడ్డ మీద చార మిగులుతుంది. ఈ మసి ఎటువైపు నుంచి వస్తోందో చూద్దామని మొదటి ఏడాది నాసా వాళ్ల ఫర్మ్స్ మ్యాప్, అంటే ఉపగ్రహాలు చూసిన మంటల్ని చూపించే వెబ్‌సైట్ తెరిచాను, అప్పటి నుంచి వానల్లేని నెలల్లో రోజూ చూస్తున్నాను.

డబ్బు కట్టక్కర్లేదు, మ్యాప్ చూడటానికి లాగిన్ కూడా అవసరం లేదు. ఉపగ్రహం చూసిన మంట దాదాపు మూడు గంటల్లో చుక్కై మ్యాప్ మీదికి వస్తుంది. మోడిస్, వీర్స్ అని రెండు రకాల చుక్కలుంటాయి, అవి మంటని పసిగట్టే ఉపగ్రహ పరికరాల పేర్లు. మీరు వీర్స్ పెట్టుకోండి, మోడిస్ కిలోమీటరు గడిలో చూస్తే ఇది 375 మీటర్ల గడిలో చూస్తుంది. మనకి కావలసిన ప్రాంతం ఎంచుకుంటే అక్కడ మంట కనబడినప్పుడు మెయిల్ కూడా వస్తుంది. మా నాన్నగారి ఊరు గిద్దలూరు వైపు, అందుకని ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నల్లమలకి కూడా అలర్ట్ పెట్టుకుంటాను.

నాకు బాగా నచ్చింది, చుక్క మీద నొక్కితే వచ్చే చిన్న పెట్టె. టైము, అక్షాంశ రేఖాంశాలు, వాటితో పాటు ఎఫ్‌ఆర్‌పీ అని ఒక అంకె ఉంటుంది, అంటే మంట ఎన్ని మెగావాట్ల వేడిని వెదజల్లుతోందో. మెగావాట్ అంటే సెకనుకి ఒక మెగాజూల్ వేడి, ఒక్కో మెగాజూల్‌కి సుమారు 0.37 కిలోల ఎండు గడ్డీ కట్టే కాలినట్టు లెక్క. అంటే 8 అని చూపిస్తే అక్కడ సెకనుకి దాదాపు 3 కిలోలు కాలిపోతోందన్నమాట, అందులో ఇంచుమించు సగం కార్బనే.

కానీ చుక్కలు లెక్కపెట్టి ఇంత కార్బన్ పోయిందని మాత్రం అనుకోకండి. వీర్స్ ఒక్కో ఉపగ్రహం మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో వెళుతుంది, మధ్యలో అంటుకుని ఆరిపోయిన గడ్డి మంట దానికి కనబడదు. మబ్బు పట్టినా అంతే. అన్నిటికన్నా ముఖ్యం, గడ్డి కాలినా చెట్టు కాలినా చుక్క ఎర్రగానే ఉంటుంది. 1997 నుంచి 2016 దాకా ప్రపంచంలో మంటల వల్ల ఏటా సగటున 220 కోట్ల టన్నుల కార్బన్ గాల్లో కలిసిందని అంచనా, అందులో మూడింట రెండొంతులు సవన్నాలవే, అంటే అక్కడక్కడా చెట్లుండే గడ్డి మైదానాలవి. గడ్డి కాలి పోయిన కార్బన్‌ని వానాకాలంలో మళ్లీ మొలిచే గడ్డి చాలావరకు తిరిగి లాక్కుంటుంది, మంటలో వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ వాయువులు అలా తిరిగి రావు. ఇక మియోంబో అనే ఇక్కడి పొడి అడవిలో దుంగలు కాలి, నిలబడ్డ చెట్టు చచ్చిపోతే ఆ కార్బన్ వెనక్కి రావడానికి దశాబ్దాలు పడుతుంది.

అందుకే నేను చుక్క కన్నా తేదీ ముందు చూస్తాను. ఇక్కడ మే అంటే వానలు ఆగిన కొత్త, గడ్డి ఇంకా పచ్చిగా ఉంటుంది, మంట నేల మీదే పాకి ఆగిపోతుంది. అంతా ఎండిపోయాక వచ్చే సెప్టెంబరు మంట చెట్టుని పట్టుకుంటుంది. ఇక్కడి ఎన్‌డోలా దగ్గర 1933లో మొదలుపెట్టిన ప్రయోగంలో ఇది తేలింది: ఏటా ఆలస్యంగా కాల్చిన చోట అడవి పోయి గడ్డి మిగిలింది, ముందే కాల్చిన చోట చెట్లు నిలిచాయి. ఆస్ట్రేలియాలో పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్ ఆదివాసీ రేంజర్లు 2006 నుంచి ఈ ముందస్తు కాల్పుతోనే ఉద్గారాలు తగ్గించి దాని మీద ఆదాయం కూడా పొందుతున్నారు. ఇంత తేడా ఉన్నప్పుడు, చుక్క ఏ నెలదో రంగులో చూపించే ఏర్పాటు ఒకటి ఉంటే ఎంత బాగుండేదో!

ఐదుకి నాలుగు ఇస్తాను. మా ఇంటికి ఉత్తరాన ఉన్న అడవి ముక్క మీద ఈసారి మే చివర్లో నాలుగు చుక్కలు పడ్డాయి, సెప్టెంబరు అంతా చూశాను, అక్కడ మళ్లీ ఒక్కటీ రాలేదు.