తెప్పకి ఏ ఇంజిన్ మేలు? టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా, బ్యాటరీయా?

ఫైబర్ తెప్ప కొనేటప్పుడు వల కన్ను ఎంతుండాలో పదిమందిని అడిగేవాళ్లు కూడా ఇంజిన్ దగ్గరికొచ్చేసరికి పక్క తెప్పకి ఏముంటే అదే బిగించేస్తారు. అది తెలివితక్కువ పనేం కాదు. చెడితే బాగుచేసే మనిషి ఊళ్లోనే ఉండాలి కదా. కాకపోతే శ్రీకాకుళం జిల్లాకున్న 193 కిలోమీటర్ల తీరంలోనూ, దిగువన విజయనగరం జిల్లా చింతపల్లి, కోనాడల్లోనూ తెప్పలు చాలావరకు ఇసుక మీంచే సముద్రంలోకి దిగుతాయి, ఇసుక మీదికే ఎక్కుతాయి. ఇంజిన్ కక్కేదీ కార్చేదీ వేటాడే నీళ్లలోకో, వలలు ఆరేసుకునే ఇసుకలోకో పోతుంది. ధరతో పాటు ఈ లెక్క కూడా చూడాలి.

ముందు టూ స్ట్రోక్. ఇందులో ఆయిల్‌కి వేరే చోటు ఉండదు, పెట్రోల్లోనే కలిపి పోయాలి. సిలిండర్లో కాలిన పొగని బయటికి నెట్టేది కొత్తగా వచ్చే పెట్రోలు ఆవిరే. ఆ నెట్టడంలో తనూ కొంత జారిపోతుంది. పాత కార్బురేటర్ రకంలో పోసిన పెట్రోలు పావు వంతు దాకా కాలకుండానే బయటపడుతుంది. పొగగొట్టం నీళ్ల కిందకే ఉంటుంది కాబట్టి అది ముందు చేరేది నీళ్లలోకే. లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్, గంటకి మూడు లీటర్ల పెట్రోలు అనుకుంటే, వంద గంటల వేటకి 6 లీటర్ల ఆయిల్ ఖర్చవుతుంది. కొంత కాలుతుంది, మిగిలింది నీళ్లకీ గాలికీ. అదీ కొలిచి పోస్తే. ఒడ్డున జరిగేది వేరు. డబ్బాలో మూతతో పోస్తుంటే పక్కనుంచి ఒకాయన "ఎందుకైనా మంచిదిరా, ఇంకో మూత పొయ్యి" అంటాడు. ఆ ఇంకో మూతే పొద్దున్న మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసేచోట, రంగురంగుల తెట్టుగా కనిపిస్తుంది.

ఇంత తెలిసినా టూ స్ట్రోక్‌ని వదలకపోవడానికి గట్టి కారణమే ఉంది. కెరటాలు దాటేటప్పుడు తెప్ప తిరగబడిందంటే ఇంజిన్ మునుగుతుంది. టూ స్ట్రోక్ అయితే ప్లగ్గు విప్పి, నీళ్లు కక్కించి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి తాడు లాగితే చాలాసార్లు పలుకుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్‌కి వేరే గది ఉంటుంది, అందులోకి ఉప్పునీరు చేరితే ఆయిల్ మొత్తం మార్చాలి, ఆలస్యం చేస్తే లోపల తుప్పు. ఇసుకలో ఎటు పడితే అటు పడుకోబెట్టినా ఆయిల్ సిలిండర్లోకి పాకుతుంది. బరువూ కొన్ని కిలోలు ఎక్కువే, ధరా ఎక్కువే. విప్పి కావిడికి కట్టి ఇంటికి మోసుకెళ్లేవాడికి ఆ కిలోలు బాగానే తెలుస్తాయి.

అయినా నా ఓటు ఫోర్ స్ట్రోక్‌కే. అదే దూరానికి పెట్రోలు తక్కువ తాగుతుంది, కాబట్టి రోజూ వేటకెళ్లేవాడికి కొనుగోలులో పోయింది మెల్లగా తిరిగొస్తుంది. 10 హెచ్‌పీ లోపు ఇంజిన్లో పట్టే ఆయిల్ లీటరు అటూఇటూ. వంద గంటలకోసారి మార్చాలి. అక్కడ ఆరు లీటర్లు, ఇక్కడ ఒక్క లీటరు, అదీ డబ్బాలో మన చేతిలోనే ఉంటుంది.

చిక్కంతా ఆ డబ్బా దగ్గరే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, ఆ 61 రోజుల్లోనే ఇంజిన్లు విప్పేది. నల్లగా దిగిన ఆయిల్‌ని పక్కనే గొయ్యి తీసి పోసేస్తే ఫోర్ స్ట్రోక్ కొన్న పుణ్యం సగం ఇసుకలో కలిసినట్టే. పేటకో డ్రమ్ము పెట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకి అమ్మడం పెద్ద పనేం కాదు. చేసేవాళ్లు లేకే జరగట్లేదు.

బ్యాటరీ మోటారు గురించి కుర్రాళ్లు అడుగుతున్నారు. ఒక లీటరు పెట్రోలు చేసే పని చేయడానికి లిథియం బ్యాటరీ పది కిలోలు అటూఇటూ కావాలి. పదిహేను లీటర్లు పోసుకుని తెల్లారకముందే వెళ్లే తెప్పకి అంత బ్యాటరీ వేస్తే చేపలకి చోటెక్కడ? కానీ కళింగపట్నం దగ్గర వంశధార మొగలోనో, కోనాడ దగ్గర చంపావతిలోనో గంటసేపు జనాన్ని తిప్పే పడవకి బ్యాటరీ చక్కగా సరిపోతుంది. మొగలో రొయ్య పిల్లలూ పీత పిల్లలూ పెరుగుతాయి, అక్కడ పడ్డ నూనె సముద్రంలో చెదిరినంత త్వరగా చెదిరిపోదు. షికారు పడవకి టూ స్ట్రోక్ పెట్టడానికి నాకైతే ఒక్క కారణమూ కనపడదు.

ఇంజిన్ బరువుతో ముడిపడ్డ సంగతి ఇంకొకటి. తెప్పని ట్రాక్టరుతో లాగించడం. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో వంద దాకా, జానెడు రెండు జానెల లోతులో. అటవీ శాఖ వాళ్లు తీసి హేచరీల్లో పొదిగిస్తారు గానీ అన్నీ దొరకవు. టైరు ఇసుకని గట్టిపరుస్తుంది, గాడిలో పడ్డ పిల్ల సముద్రం చేరలేక ఎండకి పోతుంది. ట్రాక్టరు తప్పదంటే ఊరంతటికీ ఒకటే దారి పెట్టుకుని, పగటిపూటే లాగించుకోవాలి.

ఈ ఏడు కొత్త ఇంజిన్ కొనే స్థోమత లేనివాళ్లు పాత టూ స్ట్రోక్‌తోనే కొంత తగ్గించుకోవచ్చు. బైకు ఆయిల్ వద్దు, డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్న పడవల ఆయిలే అడగండి. ఇంజిన్ పుస్తకంలో చెప్పిన పాళ్లు చూసుకుని గీతలున్న సీసాతో కొలవండి. కలపడం, పోయడం ఇంటి దగ్గరే కానిచ్చేసి, మూత బిగించిన డబ్బాతోనే ఒడ్డుకి దిగండి.