ఫారడే పౌచా, స్టీరింగ్ లాకా?

కీ జేబులో ఉంటే చాలు తలుపు తెరుచుకునే కార్లను దొంగలు రిలే పద్ధతిలో ఎత్తుకెళ్తున్నారు. ఒకడు ఇంటి గోడ పక్కన యాంటెన్నా పట్టుకుని నిలబడతాడు, ఇంకొకడు కారు దగ్గర ఉంటాడు. కారు పంపే సిగ్నల్‌ను ఇంట్లో ఉన్న కీ దాకా చేరవేస్తారు. కీ పక్కనే ఉందనుకుని కారు స్టార్ట్ అయిపోతుంది. అద్దం పగలదు, అలారం మోగదు.

దీనికి కీని పెట్టుకునే చిన్న సంచి, ఫారడే పౌచ్, సరైన మందు. లోపలి లోహపు పొర రేడియో తరంగాలను అడ్డుకుంటుంది కాబట్టి కీకి పిలుపే అందదు. కాకపోతే వాడగా వాడగా మడతల దగ్గర ఆ పొర చిట్లుతుంది, పైకి మాత్రం పౌచ్ కొత్తదానిలాగే కనిపిస్తుంది. అందుకే నెలకోసారి కీని పౌచ్‌లో పెట్టి, కారు పక్కన నిలబడి హ్యాండిల్ లాగి చూడండి. తలుపు తెరుచుకుంటే పౌచ్ మార్చాల్సిందే. స్పేర్ కీ సంగతి చాలామంది మర్చిపోతారు. అది సొరుగులో మూలన పడి ఉన్నా కారు పిలిస్తే పలుకుతుంది, దానికీ ఒక పౌచ్ కావాలి.

స్టీరింగ్ లాక్, అంటే స్టీరింగ్‌కు బయటినుంచి బిగించే ఇనుప కడ్డీ, సిగ్నల్‌ను ఆపలేదు. తలుపు తెరుచుకుంటుంది, ఇంజన్ స్టార్ట్ అవుతుంది, కానీ స్టీరింగ్ తిరగదు. లాక్‌ను కోయాలంటే టైమ్ పడుతుంది, చప్పుడవుతుంది. దొంగకు ఆ రెండంటేనే భయం. పైగా హెడ్‌లైట్ దగ్గరి వైర్ల ద్వారా కారు క్యాన్ నెట్‌వర్క్‌లోకి (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల వ్యవస్థలోకి) చొరబడేవాళ్లకు మీ కీతో పనే లేదు. అక్కడ పౌచ్ చేయగలిగిందేమీ లేదు, ఈ ఇనుప కడ్డీయే అడ్డు.

రోజూ బిగించి తీయడం విసుగే, ఒప్పుకుంటాను. అయినా ఒక్కటే కొనాలంటే నా ఓటు లాక్‌కే.