మల్కాపురంలో పాత ఆస్బెస్టాస్ రేకులు దించిన గాజువాక మేస్త్రి జట్టు: నా అనుభవం

5కి 4 స్టార్లు. ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాశాను.

విశాఖ మల్కాపురంలో అమ్మ ఉండే ఇంటికి వెనక వంటగది, వరండా కలిపి 32 సిమెంటు రేకులు, ఆస్బెస్టాస్ అనే సన్నటి పోగుల ఖనిజం కలిపినవి. నాన్న 1988లో వేయించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గాలికి ఆరు రేకులు ముక్కలైపోయాయి. మర్నాడు ఆ ముక్కలు నేనూ తమ్ముడూ ఉత్త చేతులతో ఏరి, పొడి అంతా చీపురుతో ఊడ్చాం. మా వీధిలో అందరూ అదే చేశారు. మిగతావాటి పగుళ్లకు తారు పూసి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం.

ఇవి తీయించాలని నేను పట్టుబట్టింది నాన్న వల్ల. 1979 నుంచి పదమూడేళ్లు ఆయన ఒక కాంట్రాక్టరు కింద ఓడల ఇంజను గదుల్లో లాగింగ్ పని చేశారు. వేడి పైపులకు ఆస్బెస్టాస్ తాడు, గుడ్డ చుట్టడం, పాతది ఊడబీకడం. సాయంత్రం ఆయన ఖాకీ చొక్కా మీద పిండి జల్లినట్టు ఉండేది. అమ్మ దాన్ని పెరట్లో దులిపి ఉతికేది. నేను ఆ పక్కనే ఆడుకునేదాన్ని.

2018లో నాన్నకు ఆయాసం మొదలైంది. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. తీయిస్తే పది రోజులకు మళ్లీ చేరేది. చివరకు బయాప్సీలో మీసోథీలియోమా అని తేలింది. ఊపిరితిత్తిని కప్పి ఉండే పొరకు వచ్చే కాన్సర్ అది. చూడడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ "సిగరెట్లు కాల్చేవారా?" అనేవారు. నాన్న బీడీ కూడా ముట్టలేదు. ఈ జబ్బుకు పొగాకు కారణం కాదని డాక్టరుగారే చెప్పారు. ఆస్బెస్టాస్ పీల్చినవాళ్లు పొగ కూడా తాగితే విపరీతంగా పెరిగేది ఊపిరితిత్తుల కాన్సర్ ముప్పు అట. ఆయన నాన్నను అడిగిన మొదటి ప్రశ్న, "ముప్పై, నలభై ఏళ్ల కిందట ఏం పని చేసేవారు?" పీల్చిన 20 నుంచి 50 ఏళ్లకు గానీ మీసోథీలియోమా సాధారణంగా బయటపడదు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "ఆయన బట్టలు ఎవరు ఉతికేవారమ్మా?" అన్నారు. ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. పద్నాలుగు నెలలకు నాన్న పోయారు.

రేకుల పనికి నలుగురు మేస్త్రులను పిలిచాను. ముగ్గురు కటింగ్ మెషిన్‌తో కోసి ఒక్కరోజులో దించేస్తామన్నారు. పొడి లేస్తుంది కదా అంటే, "ఏం కాదమ్మా, ఇరవై ఏళ్లుగా ఇదే పని" అన్నారు. గాజువాక మేస్త్రి ఒక్కరే కూర్చుని విన్నారు. పగలకుండా కప్పు మీద ఉన్న రేకుతో భయం తక్కువ. కోసినా, కన్నం పెట్టినా, విరగ్గొట్టినా కంటికి కనపడని పోగులు గాల్లోకి లేస్తాయి. ఒకసారి లోపలికి పోయాక చాలావరకు అక్కడే ఉండిపోతాయి. ఇదంతా చెబితే, మెషిన్ వాడకుండా చేస్తానని ఒప్పుకున్నారు. ఐదుగురు మనుషులు, రెండు రోజులు, కూలి 14,500. కొత్తగా వేసిన రంగు ఇనప రేకుల ఖర్చు వేరు.

పని బాగా చేశారు. పొలంలో మందు కొట్టే పంపు తెచ్చి, సబ్బు నీళ్లతో రేకులు తడుపుతూనే ఉన్నారు. సముద్రపు గాలికి, రేకులను పట్టి ఉంచే జె-బోల్టులన్నీ తుప్పుపట్టి బిగిసిపోయాయి. మామూలుగా అయితే సుత్తితో రేకునే పగలగొడతారు. వీళ్లు ఒక్కో బోల్టునూ చేతి కట్టర్‌తో తెంపి, రేకును తాడుతో నిలువునా దించారు. దించేటప్పుడు మూడే విరిగాయి. ప్రతి రేకునూ రెండు పొరల పాలిథిన్‌లో చుట్టి టేపు వేశారు. మాస్కులు మాత్రం వాళ్ల దగ్గర లేవు, తువ్వాళ్లతో వచ్చారు. ఎన్-95లు నేనే కొనిచ్చాను. ఆ ఉక్కపోతలో కూడా మేస్త్రి ఎవరినీ మాస్కు తీయనివ్వలేదు.

ఇక తగ్గించిన స్టారు. రెండో రోజు సాయంత్రం ఒక కుర్రాడు పొడి చీపురు పట్టుకుని ఊడవబోయాడు. నేను అరిస్తే ఆపి, తడిగుడ్డతో తుడిచారు. దాన్ని పెద్దగా పట్టించుకోను. కానీ బాగున్న రేకులు పెందుర్తిలో ఎవరి పశువుల పాకకో ఇస్తానన్నారు. వద్దన్నాను. మరి ఎక్కడికి చేరుస్తారంటే జవాబు లేదు. చాలామంది గెడ్డ (వాగు) పక్కన పడేస్తారని ఆయనే చెప్పారు. ఆ కట్టలు ఇప్పటికీ మా పెరట్లో టార్పాలిన్ కింద ఉన్నాయి. దించే పని ఒప్పుకున్నవాళ్లు ఈ సంగతి ముందే తేల్చి చెప్పాలి.

పని అయ్యాక మేస్త్రి చొక్కా దులుపుకుని బండెక్కబోతుంటే అమ్మ గేటు దాకా వెళ్లి ఆపింది. "అలా ఇంటికి వెళ్లకు నాయనా, అవి ఉతికేది నీ పెళ్లామే కదా" అంది. ఐదుగురూ మా ఇంట్లోనే స్నానం చేసి, తమ్ముడి లుంగీలు కట్టుకుని వెళ్లారు. బట్టలు బకెట్లో నానబెట్టి, మర్నాడు తడివే కవర్లో పెట్టి ఇచ్చాం.

వచ్చే నెల గోపాలపట్నంలో మా పిన్ని ఇంటి రేకులు కూడా వీళ్లే దించుతారు. మొన్న మేస్త్రి ఫోన్ చేశారు. ఈసారి మాస్కులు, మార్చుకోవడానికి బట్టలు వాళ్లే తెచ్చుకుంటారట.